బీరువా వెనక తలుపు

రాష్ట్ర కార్యాలయం నుంచి వచ్చిన అధికారిణి జీపు దిగి చరచరా బడిలోకి నడిచింది.

ఆవిడ గుమ్మం దాటాక, వెనకనుంచి పిల్లలు స్వాగతం పాట అందుకున్నారు.

ఆవిడ వెనుదిరిగి చూడనైనా లేదు.

"అబ్బో, ఎంత బింకమో!" ఆయా గొణిగింది.

"రాతిబొమ్మ," అంది పంతులమ్మ. ఆ పాట నేర్పడంలో ఆమె గొంతు పోయింది మరి.

చిన్నపిల్లల బడులూ ఆసుపత్రులూ చెయ్యీ చెయ్యీ కలిపి పనిచేసేలా రాష్ట్రమంతా తిరిగి చూడటం ఆ అధికారిణి ఉద్యోగం. ఇక్కడ రెండూ ఒకే కట్టడంలో ఉన్నాయి. మధ్యలో గోడ, గోడకో తలుపు, తలుపుకి అడ్డంగా ఓ బీరువా.

పంతులమ్మ మాట్లాడినంతసేపూ అధికారిణి ఆమె నోటివంకే చూసింది.

పొద్దున తిన్నదేమైనా ఇరుక్కుందేమోనని పంతులమ్మ నాలుకతో పళ్ళు తడుముకుంది.

"పిల్లలూ, లేవండి!"

అందరూ లేచారు. చివరనున్న పాప ఒక్కతే కాస్త ఆగి లేచింది.

"కూర్చోండి!"

మళ్ళీ అంతే.

"ఆ పాప మీ మాట విని లేవడం లేదు. పక్కపిల్లని చూసి లేస్తోంది," అంది అధికారిణి. ఎత్తూ పల్లం లేని గొంతు, తీర్పు చదివినట్టుంది.

పంతులమ్మకి ఒళ్ళు మండింది.

"అది నా మనవరాలండీ. మా ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యమే. దాని తల్లికీ అంతే."

ఇంట్లోనూ రోజూ ఇదే మాట. 'పిల్ల మూగదేమోనమ్మా' అని కూతురు కళ్ళొత్తుకున్నప్పుడల్లా ఇదే చెప్పి నోరు మూయించేది. చెప్పిన ప్రతిసారీ లోపల తనే దేవుడికి మొక్కుకునేది.

"చెవులు చూపించారా?"

"పక్కన ఆసుపత్రివాళ్ళు అందరికీ చూస్తారు కదండీ!"

ఆవిడ వెళ్ళి నర్సును వెంటబెట్టుకొచ్చింది.

"మేమా? సూదిమందులూ బరువూ వరకే మేడమ్. చెవులూ కళ్ళూ బడిలోనే చూస్తారనుకున్నాం," అంది నర్సు.

"గోడలకి చెవులుంటాయంటారు. ఈ గోడకి అవీ లేనట్టున్నాయి." ఆవిడ నవ్వలేదు. "ముందు ఆ బీరువా జరపండి."

"అయ్యో, నేను చేరకముందు నుంచీ అక్కడే ఉందండీ!" అంది పంతులమ్మ.

"అందుకే జరపమంటున్నా."

తలా ఓ చెయ్యేసి తోశారు. పైనున్న గిలక్కాయల బుట్ట ఒరిగి ఘల్లుమంటూ కింద పడింది. పిల్లలంతా గిర్రున అటు తిరిగారు.

మనవరాలు తిరగలేదు.

పంతులమ్మ బీరువా వదిలేసి పాప దగ్గరికి పరుగెత్తింది. రాతిబొమ్మ మాత్రం ఏమీ జరగనట్టు తలుపు గొళ్ళెం లాగుతోంది.

ఆ తలుపులోంచే పాపని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

"పుట్టుచెవుడేం కాదమ్మా. చెవుల్లో లోపల నీరు చేరింది. తీసేస్తే వినపడుతుంది. ఇంకా ఆలస్యమైతే మాటలకే ఎసరొచ్చేది," అన్నాడాయన.

తీసేశారు. ఓ రోజు వంటింట్లోంచి తల్లి "బుజ్జీ!" అని పిలిస్తే, పిల్ల చేతిలో బొమ్మ పడేసి పరుగెత్తింది. కూతురు ఏడ్చింది. పంతులమ్మ ఈసారి నోరు మూయించలేదు. పక్కనే చతికిలబడి తనూ ఏడ్చింది. గుండెల మీంచి బండ దిగిపోయింది.

కొన్నాళ్ళకి అధికారిణి మళ్ళీ వచ్చింది, తలుపు తెరిచే ఉందో లేదో చూడటానికి. పంతులమ్మ ఆసుపత్రి గదిలోంచి పరుగున వచ్చేసరికి ఆవిడ జీపు వైపు వెళ్ళిపోతోంది.

"మేడమ్! ఒక్క నిమిషం!"

జీపు అవతల ఆడుకుంటున్న మనవరాలు చటుక్కున తిరిగి చూసింది.

ఆవిడ తిరగలేదు. వెళ్ళి జీపులో కూర్చుంది.

పంతులమ్మ ముఖం చిన్నబోయింది. 'రాతిబొమ్మ' అన్న మాట ఎవరైనా ఆవిడ చెవిన వేశారేమో!

"మేడమ్‌కి నా మీద కోపమొచ్చిందా బాబూ?" అంది డ్రైవరుతో, మెల్లగా.

"కోపమా, భలేవారే!" నవ్వాడు డ్రైవరు. "ఎదురుగా వెళ్ళి చెప్పండమ్మా, పెదాలు చూసి తెలుసుకుంటారు. మీ పాపంత ఉన్నప్పుడు ఆవిడ చెవులు ఎవరూ చూడలేదట."