నా ఎత్తుకి బిగించిన అద్దాలు

ఆ రోజు ఇంటి దగ్గర నాన్న, నానమ్మ, నేను, పక్క అద్దాలు రెండూ ఊడదీసిన మా వ్యానూ ఉన్నాం. నాకు పద్దెనిమిది నిండి నెలయింది. "డ్రైవింగ్ నేర్పు నాన్నా" అన్న మాట మాత్రం ఇంకా నా డైరీ దాటలేదు.

నాన్న కొత్త అద్దం పట్టుకుని పిలిచాడు. "డ్రైవర్ సీట్లో కూర్చుని, వెనక రోడ్డు కనపడగానే చెప్పు. బిగించేస్తాను."

కూర్చున్నాను.

"కనపడిందా?"

తల అడ్డంగా ఊపాను.

"నోటితో చెప్పవే," అంది గడప మీద కూర్చున్న నానమ్మ. "వాడు నట్టు చూసుకోవాలా, నీ తల చూసుకోవాలా?"

"కొంచెం కిందికి," అన్నాను. "ఇంకొంచెం. ఆఁ, చాలు."

రెండు అద్దాలూ గట్టిగా బిగించి, చెమట తుడుచుకుని, నాన్న సీటెక్కాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

"నాకు వెనక చక్రాలు తప్ప ఏమీ కనపడట్లేదే!"

"తాటిచెట్టంత మనిషివి, జానెడు పిల్లతో కొలత తీయించావు," నానమ్మ నవ్వింది. "మళ్ళీ విప్పుకో."

నాన్న పానా వైపు నీరసంగా చూశాడు.

"నాకు రోడ్డంతా కనపడింది నాన్నా," అన్నాను. ఆగితే ఇక అనలేనని తెలుసు. "నేర్పు."

నాన్న కిందికి దిగి, పానా పక్కన పెట్టేశాడు.

"ఎక్కు. చెయ్యి లోపల పెట్టుకో," అంటూ డ్రైవర్ వైపు తలుపు వేశాడు.