లిఖిత ఏడ్చిన వీడియో

ఫోన్లో నా మనవరాలు లిఖిత వెక్కివెక్కి ఏడుస్తోంది. "బడికెళ్తానమ్మా, నాకప్పుడే పెళ్ళొద్దు!"

అమృతలూరంతా చూసేసింది. "పిల్లకి సంబంధం కుదిర్చావంట కదా పిన్నీ, పోలీసులొస్తారేమో," అంది పక్కింటావిడ.

వెంటనే తెనాలి బస్సెక్కి, ఆ వీడియో కింద పేరున్న, బళ్ళో నాటకం నేర్పే సారు మీద విరుచుకుపడ్డాను. "దాన్ని డిగ్రీ దాకా చదివిద్దామని నేను చూస్తుంటే, మా పరువు ఫోన్లకెక్కిస్తారా?"

"ఇంట్లో పెద్దవాళ్ళు తమ చిన్నప్పుడు ఎలా ఉండేవారో నటించి, వీడియో పెట్టమని పిల్లలకి చెప్పానండి. అందులో ఉన్నది మీరేనండి, మామ్మగారూ."

పక్కనే లిఖిత తల వంచుకుంది. నా బడి మాన్పించి పెళ్ళి చేసిన సంగతి దానికి ఎప్పుడో నేనే చెప్పాను.

కోపం మాత్రం తగ్గలేదు.

"అక్కడితో ఆపేశావేంటే? మా నాన్న నా పుస్తకాలు పొయ్యిలో పెట్టాడు. అది కూడా వీడియో తియ్యి."