బూట్లు విప్పిన దొంగ

దొంగతనం దాదాపు పూర్తయింది. ఇక మిగిలింది దొంగ అడుగుజాడలే.

లుద్విక్ తన గ్యారేజీ తాళాన్ని తన సుత్తితోనే పగలగొట్టాడు. దూలానికి వేలాడుతున్న పన్నెండు సలామీలనూ గోతంలో వేసి, ద్రాక్షతోట గుడిసెలో ఉన్న ఖాళీ పీపాలో దాచి వచ్చాడు. పారేయడానికి మనసొప్పలేదు మరి, డిసెంబరు చలిలో తన చేతులతో మాంసం కూరి కట్టినవి. భార్య స్లావ్కా చర్చి పాటల సాధన నుంచి తిరిగొచ్చేలోగా బురద బూట్లతో నేల మీద నాలుగడుగులు వేస్తే చాలు.

కాలెత్తాడు. దించలేకపోయాడు. మూడుసార్లు ఎత్తాడు, మూడుసార్లూ గడప బయటే దించాడు.

అది అలాంటిలాంటి నేల కాదు. పధ్నాలుగు నెలలు ఆలోచించి ఎంచుకున్నది. పలకలు పగులుతాయన్నాడు, రబ్బరు చాపలు జారతాయన్నాడు, మామూలు రంగు పెచ్చులూడుతుందన్నాడు. చివరికి బూడిదరంగు ఎపాక్సీ రసాయనపు పూత పోయించాడు. అద్దంలా మెరిసింది. దాంతో కారు వీధిన పడింది. రోజూ పొద్దున్నే అద్దాల మీది మంచు గీకుతూ, "నా అంత తెలివైనవాడు ఈ లోయలో లేడు" అని తనను తానే తిట్టుకునేవాడు. అయినా కారును లోపలికి రానివ్వలేదు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి ఇంటి చెప్పులు తొడుక్కోవడం మాకందరికీ అలవాటే. లుద్విక్ ఆ మర్యాదను గ్యారేజీకి కూడా ఇచ్చాడు, అంతే.

పన్నెండు సలామీలూ నేలలో ప్రతిబింబించి ఇరవై నాలుగై కనబడుతుంటే ఊరంతటినీ పిలిచి చూపించాడు. నేలమాళిగ నుంచి వాటిని ఇక్కడికి మార్చింది అందుకే.

"రంగు పూసిన చోట మాంసమా, మామా?" అని ఒకరిద్దరు నవ్వారు.

"మూడేళ్లుగా ఊరి సలామీ పోటీలో మొదటి బహుమతి ఎవరిది? నాకు చెప్తారా మీరు!" అన్నాడు.

ఆ మర్నాటి నుంచే వాసన మొదలైంది. సలామీ దగ్గర నిలబడితే ఎపాక్సీ వాసన. గ్యారేజీలో కాఫీ తాగితే అదే. ద్రాక్షతోటలో రొట్టె కొరికితే అదే. ఆదివారం చర్చిలో టోపీ చేతబట్టుకుని కూర్చున్నప్పుడు మాత్రం రాలేదు. దేవుడి సన్నిధి కదా అనుకున్నాడు.

"నాకేం రావట్లేదయ్యా," అంది స్లావ్కా.

"నీ ముక్కుకేం తెలుసే!"

పోటీ రేపు. సలామీ ముక్క న్యాయనిర్ణేతల నోట్లో పడిందంటే, మనవల పెళ్లిళ్లలో కూడా ఊరు ఇదే చెప్పుకుని నవ్వుతుంది. దొంగ ఎత్తుకుపోతే జాలి పడతారు. జాలి నయం.

నాలుగోసారి కాలెత్తబోతుండగా సందు చివర స్లావ్కా కనబడింది. గబగబా బూట్లు విప్పి, చెప్పుల్లోకి దూరి, "దొంగలూ!" అని అరిచాడు.

ఊరి పోలీసు హ్రీబర్ వచ్చాడు. గడప దగ్గర తనంతట తానే బూట్లు విప్పి, అతిథుల చెప్పులు తొడుక్కుని లోపలికి నడిచాడు. నేలంతా వంగి చూశాడు.

"బయట మోకాలి లోతు బురద. లోపల ఒక్క మరక లేదేం, బాబాయ్?"

లుద్విక్ ఉన్ని టోపీ కిందకి వేలు దూర్చి బట్టతల గోక్కున్నాడు. "బూట్లు విప్పి వచ్చుంటాడు."

హ్రీబర్ తన కాళ్లకున్న చెప్పుల వంక చూసుకున్నాడు. "అవును. అయితే బయటివాడు కాదు. మనవాడే, పద్ధతిగా పెరిగినవాడు." అదే పుస్తకంలో రాసుకున్నాడు.

మేం అలాంటివాళ్లం. ఊళ్లో ఒక్కరికీ అనుమానం రాలేదు.

మర్నాడు పోటీ హాల్లో లుద్విక్‌ని చూసి అందరూ అయ్యో అన్నారు. వీపు తట్టారు. అతను దిగులుగా తలాడించి, లోపల్లోపల తెగ మురిసిపోయాడు. ఇంతలో వేదిక మీద పేరు చదివారు.

"మొదటి బహుమతి, స్లావ్కా!"

"మా ఆయనకు తెలియకుండా ముందే ఒకటి తీసి దాచానండీ," అని ఆమె సిగ్గుపడుతూ అందరికీ చెప్పింది. హాలంతా చప్పట్లు. లుద్విక్ కూడా టోపీ తీసి చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టక తప్పలేదు. ఎవరో పళ్లెం చాచారు. భయం భయంగా ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

వాసన లేదు. వెల్లుల్లి, మిరియాలు, పొగ. అతను జీవితంలో చేసినవాటన్నిటిలోకీ మంచి సలామీ. దానికి కట్టిన ఎర్ర పురికొస తనదే, ముడి తనదే. నిన్న పీపాలో పడేసిన పన్నెండింటిలో ఒకటి.

స్లావ్కా వచ్చి పక్కన నిలబడింది. నవ్వు చెరగకుండానే, పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడింది.

"పదకొండేళ్లుగా వంటింటి నేల వేయించమంటున్నాను. చినిగిన చాప తట్టుకుని ఎన్నిసార్లు పడ్డానో నీకు తెలుసు. కారు కూడా దూరని గ్యారేజీకి ముందు పోయించావు. సోమవారం పనివాళ్లు వస్తున్నారు. కాదంటావా, అదుగో హ్రీబర్. నిన్న నువ్వు గోతం మోసుకెళ్లడం చూశాను, మిగతా పదకొండూ ఏ పీపాలో ఉన్నాయో చెప్పేస్తాను."

లుద్విక్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "మరి... ఆ వాసన?"

"ఆ టోపీ ఇలా ఇవ్వు, ఉతుకుతాను," అంది స్లావ్కా. "నీ ఎపాక్సీ డబ్బా అడుగున మిగిలిందంతా దాని లోపలే పూశాను."