గౌరమ్మ కోసం ఇంచిన్నర

"ఆల్ వీల్ అంటే అన్నిటికీ వీలవుతాదని కాదప్పా! నాకు వీలు కాదు!"

శంకరప్ప పానా బల్ల మీద కొట్టిన చప్పుడుకు, మదనపల్లెలో పుంగనూరు రోడ్డున పోయే ఆటోవాళ్ళు కూడా తల తిప్పి చూశారు. ముప్పై ఏళ్ళ మెకానిక్ జీవితంలో ఆయన కార్లను ఎత్తాడు, నిలబెట్టాడు, గుంటల్లోంచి లాగాడు. నాలుగు చక్రాలూ కలిసి లాగే నిక్షేపంలాంటి బండిని తెచ్చి "కిందికి దించన్నా" అన్నవాడు మాత్రం ఈ దామోదర్ ఒక్కడే.

"గుట్టలెక్కేదానికి కదప్పా ఇట్లాంటిది కొనేది? బెంగుళూరు పిల్లోళ్ళు సోకు కోసరం కార్లు దించుతారు. నీకు నలభై దాటినాయి. నీ వయసు దిగల్యా, కారు దించుతావా?"

దామోదర్ సోమల హైస్కూల్లో లెక్కల అయ్యవారు. కాపురం చౌడేపల్లె పక్కన. మొహం ఎర్రబడింది.

"సోకు నాకు కాదన్నా. వానొస్తే మా ఇంటి మట్టిదోవలో మామూలు బండి ఎక్కదు. ఈ బండేమో మా గౌరమ్మ ఎక్కలేకుండాది."

శంకరప్ప గొంతు ఒక గేరు దిగింది. "మోకాళ్ళ నొప్పులా?"

"మోకాళ్ళు గట్టివే. పొట్టిది, కాళ్ళు కురచ. శుక్రవారం తెల్లారి కుప్పంలో మా బావమరిది కొత్తింటి కార్యం. గౌరమ్మ లేందే మొదలుపెట్టరు. ముహూర్తం తప్పితే మా ఆవిడ నన్ను ఆ ఇంటి గడప తొక్కనీదు."

"స్టూలు వేసి ఎక్కించు."

"వేసినా. ఒక్క తన్ను తన్నింది. స్టూలు పోయి కాలవలో పడింది."

శంకరప్పకు గౌరమ్మ మీద గౌరవం పెరిగింది. "మరి పోయినసారి ఎట్లెక్కించినారు?"

"నేను, మా ఆవిడ రేవతి, పక్కింటి కొండప్ప. ముగ్గురం వెనక నుంచి తోసినాం."

"తోసినారా!"

"ఏం చేసేదన్నా? ఎక్కినాక ఇబ్బంది ల్యా. వెనక సీట్లు మడిచేసి పట్ట పరిచినాం."

"సీటు మీద కూర్చోబెట్టకుండా, కింద పట్ట మీదా!" శంకరప్ప మీసం అదిరింది. "ఇంట్లో అన్నా సక్కంగా సూసుకుంటావా సారూ?"

"ఎంత మాట! పెరట్లో వేరేగా రేకుల షెడ్డు ఏసినా. ఫ్యాను కూడా పెట్టించినా."

"రేకుల షెడ్డులోనా!"

"ఫ్యాను పెట్టినా కదన్నా, ఏసీ పెట్టాల్నా?" దామోదర్‌కూ పౌరుషం వచ్చింది. "మా ఊళ్ళో ఇంతకన్నా బాగా ఎవురు సూసుకుంటాండారో కనుక్కో పో! రేవతే దినామూ నీళ్ళు పోస్తాది, కాళ్ళకు పసుపు రాస్తాది!"

ఇటువంటివాడి బండికి స్ప్రింగులు కాదు, వీడికే బిగించాలి నట్లు అనుకున్నాడు శంకరప్ప. తన తల్లి పార్వతమ్మ ఆటో కడ్డీ పట్టుకుని మూలుగుతూ ఎక్కడం గుర్తొచ్చింది. ఊరందరి కార్లూ బాగుచేసే కొడుకు ఉండీ ఆమెకు ఆటోనే. కోపంలో సగం తన మీదకే మళ్ళింది. ఈ అయ్యవారి కోసం కాదు, ఆ గౌరమ్మ కోసం ఈ పని చేసి తీరాలి.

మూడు జతల స్ప్రింగులు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఇంచి దించుతాది. ఇది ఇంచిన్నర. ఇది రెండించీలు."

"రెండించీలు వెయ్యన్నా, సులువుగా ఎక్కుతాది."

"వేస్తా. మీ మట్టిదోవలో ఒక్కో రాయినీ పేరుపేరునా పలకరించుకుంటా పోతాది నీ కారు."

"అయితే ఇంచి?"

"నీ కంటికి తెలుస్తాదిగానీ ఆయమ్మ కాలికి తెలవదు. ఇంచిన్నర!"

దామోదర్ జేబులోంచి కాగితం తీసి చూసుకున్నాడు. టేపు పెట్టి ముందే కొలిచి రాసుకున్న లెక్క అది. "సరిపోతాది. అయితే వెనక మాత్రం దించితే చాలు కదా? ఆమె ఎక్కేది డిక్కీ వైపే."

డిక్కీ అనేసరికి శంకరప్ప కళ్ళు ఎర్రబడ్డాయి. పళ్ళు బిగపట్టి అన్నాడు: "లెక్కల అయ్యవారివేనా? ముందూ వెనకా కలిసి లాగే బండి. వెనకది ఒకటే దించితే నడుమ షాఫ్టు వంకరపడి ఆర్నెల్లలో కటకటమంటాది. దించితే నాలుగూ దించాల, ఒకే లెక్క! పో, గురువారానికి నేనే తెస్తా!"

గురువారం మధ్యాహ్నం ఇంచిన్నర దిగిన కారులో, ఇంచి కూడా దిగని కోపంతో శంకరప్ప చౌడేపల్లె చేరాడు. పక్క సీట్లో కొత్త నేతచీర. దారి పొడుగునా దామోదర్‌కు చెప్పాల్సిన నాలుగు మాటలు నలభై అయ్యాయి.

రేవతి గుమ్మంలోకి వచ్చింది. "రాన్నా, కాఫీ తాగుదువు."

"ఈ ఇంట్లో కాఫీ నాకు దిగదమ్మా. ముందు గౌరమ్మను సూడాల."

"పెరట్లో ఉండాది. ఆ చీర ఎవురికన్నా?"

"గౌరమ్మకే!"

"అయ్యో, ఎంత భక్తన్నా నీకు!" అని రేవతి మురిసిపోయింది.

"భక్తి నాకుంటే సాలదమ్మా, మీకుండాల! కార్యానికి ముందు నిలబెట్టుకునేదానికి కావాల, ఇంట్లో పెట్టుకునేదానికి మాత్రం వద్దు. సిగ్గుండాల్సిన పన్లేదా?"

"ఇంట్లోనా?" రేవతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

శంకరప్ప జవాబు కోసం ఆగలేదు. గబగబా పెరట్లోకి నడిచాడు. రేకుల షెడ్డు వాకిలి పొట్టిది. నడుం వంచితే గాని లోపలికి పోలేం. దోమలకు వేసిన పొగ కళ్ళలో కొట్టింది. ఎండలోంచి వచ్చిన చూపుకు ఏమీ ఆనలేదు. పైన ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

"తల్లీ, ఈ పాపాత్ముల మధ్య ఎట్లుండావమ్మా?" అంటూ ఆయన వంగినవాడు వంగినట్టే చీర ముందుంచి, పాదాల కోసం తడిమాడు.

పసుపు రాసిన నాలుగు గిట్టల్లో ఒకటి ఇంచిన్నర పైకి లేచింది.