ఎక్స్‌రేలో పడని నొప్పి

“మల్ల లేచినవా కాత్యాయనమ్మా?”

సూపరింటెండెంటు వెంకటేశం గొంతుకు పరీక్షల విభాగంలోని టైపు మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. కాత్యాయని వరండా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఎండకు యూనివర్సిటీ రాతిగోడలు సెగలు కక్కుతున్నా ఆమె భుజాల మీద శాలువా ఉంది.

“పది నిమిషాలు నడిచొస్తానండీ. భుజాలు పట్టేశాయి.”

“పొద్దటి సంది నాలుగోసారి. మార్కుల లిస్టులు అరవై ఎనిమిది సోమవారం లోపట పోవాలె. నువ్వు ఫ్యాను బంద్ చేయిస్తవ్, శాలువ కప్పుకుంటవ్, వరండల షికార్లు చేస్తవ్. ఏందిది?”

“ఒళ్లంతా నొప్పులండీ. ఫ్యాను గాలి తగిలితే మరీ ఎక్కువ. అరగంట టైపు చేసి కాస్త నడిస్తే సాయంత్రం దాకా లాక్కురాగలను. ఏకబిగిన కూర్చుంటే మర్నాడు మంచం దిగలేను.”

“ఎక్స్‌రే తీయించినవ్ గద, ఏమున్నదన్నరు?”

“ఏమీ లేదన్నారు.”

“రక్త పరీక్షల?”

“అందులోనూ ఏమీ లేదండీ.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటేశం కుర్చీలోంచి లేచాడు.

“నడువు. తార్నాకల దానియేలు డాక్టరున్నడు, మొహమాటం లేని మనిషి. నా ముంగటనే చూపిస్త. ఆయన గూడ ఏం లేదంటే నాటకమని రిపోర్టు రాస్త. నీది టెంపరరీ పోస్టు, యాదుంచుకో.”

ఆ పోస్టు మీదే ఆమె, చూపు ఆనని తల్లి బతుకుతున్నారు. కాత్యాయని బయల్దేరింది. గేటు దగ్గర అతను రిక్షాను పిలవబోయాడు.

“నడుస్తానండీ. రిక్షా కుదుపులకు నడుం ఉండదు.”

“దానికీ ఒక బహానా!” అన్నాడు వెంకటేశం.

డాక్టరు దానియేలు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాడు. మెడ వెనక, భుజం మీద, మోచేతి దగ్గర, మోకాలి లోపలి వైపు బొటనవేలితో నొక్కుతూ పోయాడు. నొక్కినప్పుడల్లా ఆమె పెదవి కొరుక్కుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత ముంజేయి మధ్యలో, మోకాలి కింది ఎముక మీద అంతే గట్టిగా నొక్కాడు.

“ఇక్కడేం లేదండీ.”

డాక్టరు వెంకటేశం వైపు తిరిగాడు. “నాటకమైతే అన్నితాన్ల మొత్తుకునేది. దీన్ని ఫైబ్రోసైటిస్ అంటరు సార్, కండరాల నొప్పుల రోగం. ఎక్స్‌రేల పడదు. నొప్పి మాత్రం నిజం. పూర్తిగ మాన్పే మందు నా దగ్గర లేదు. అమ్మా, నువ్వు ఎట్ల నెట్టుకొస్తున్నవ్?”

“పొద్దున్నే వేణ్ణీళ్ల స్నానమండీ. మెడకు ఉప్పు మూటతో కాపడం. ఆఫీసుకు నడిచే వస్తాను. బట్టలన్నీ ఒక్క రోజే ఉతకను, రోజుకు రెండు. తొమ్మిదికల్లా పడుకుంటాను. ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజు కూడా పని పెంచుకోను. పెంచుకుంటే మూడు రోజులు అనుభవించాలి.”

“నేను చెప్పాల్సినయన్నీ నువ్వే చేస్తున్నవ్. విడవకు.”

వెంకటేశం అంతసేపూ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు: “దువ్వెన తలకు తాకినా నొస్తదా?”

“ఒక్కోరోజు నొప్పేనండీ.”

“రాత్రంత పండుకున్నా పొద్దుగాల అలసటనేనా?”

“రాత్రంతా పిండి రుబ్బినట్టే ఉంటుంది.”

తిరుగుదారిలో అతను రిక్షాను పిలవకుండా ఆమె పక్కనే నడిచాడు.

ఆఫీసులో అందరూ భోజనాలకు వెళ్లారు. వెంకటేశం తన బల్ల మీద తెల్లకాగితం, పెన్ను పెట్టి ఆమెకు కుర్చీ చూపించాడు.

“కూసో. రాయి.”

“రాజీనామానా అండీ?”

“డాక్టరుకు చెప్పినవ్ సూడు, అదంత. ఉప్పు మూట కాడికెల్లి ఒక్కటి గూడ విడవకు.”

అన్నీ తన చేతనే రాయించి, ఈ మనిషి ఒంటికి టైపిస్టు పని పనికిరాదని పైకి పంపుతాడు కాబోలు అనుకుంది. అయినా రాసింది. సగానికి వచ్చేసరికి వేళ్లు గుంజాయి. పైకి చెప్పకుండా చెయ్యి విదిలించింది.

“ఆగు. జర నడిచి రాపో” అన్నాడు వెంకటేశం.

ఆమె తెల్లబోయి చూసింది. వరండాలో నాలుగుసార్లు తిరిగి వచ్చి కూర్చుంది. చివరి మాట దాకా పూర్తి చేసి, పైన వదిలిన ఖాళీ దగ్గర పెన్ను ఆపింది.

“ఎవరికని రాయమంటారు? రిజిస్ట్రారు గారికా అండీ?”

వెంకటేశం తలెత్తలేదు.

“మా ఇంటామెకు. గివే నొప్పులంటే నాటకమని తల్లిగారింటికి తోలిన, నాలుగేండ్లాయె.”