కాగితం వయసు

"ఇది మీ నాన్నగారు చేసిందేనమ్మా," అన్నాడు రాదిమ్, భూతద్దం పక్కన పెట్టి.

చెక్ నగరం బ్ర్నోలోని ఒక మ్యూజియంలో పాత ఫొటోలను పరీక్షించడం అతని పని. కెమెరా లేకుండా, కాగితం మీద వస్తువుల నీడలు పడనిచ్చి తీసిన ఫొటో అది. అంచున కోత మచ్చతో బొటనవేలి ముద్ర ఉంది. మ్యూజియంలో ఉన్న ఆయన ఫొటోలన్నిటి మీదా అదే ముద్ర.

ఎనభై దాటిన ద్రహోమీర కళ్లు తుడుచుకుంది. నాజీల క్యాంపులో తండ్రి పోయాడని 1943లో కబురొచ్చింది. అప్పటికి ఆమెకు ఏడేళ్లు. ఈ ఫొటో నిరుడు వియన్నా సంతలో దొరికింది.

రాదిమ్ దాని మీద అతినీలలోహిత దీపం పట్టాడు. కాగితం తెల్లగా మెరిసింది. అతను దీపం ఆర్పి, మళ్లీ వెలిగించి చూశాడు.

"ఏమైంది బాబూ?"

"ఇలా మెరిసే కాగితం 1955కి ముందు లేదమ్మా."

"అంటే... నాన్న బతికే ఉన్నాడా? మా అమ్మ ఆ కబురు నమ్మక ఎదురుచూసి ఎదురుచూసి పోయింది బాబూ!"

రాదిమ్ ఫొటో వెనక్కి తిప్పాడు. ఏడాదిగా ఆమె రోజూ ముద్దు పెట్టుకుంటున్న తండ్రి దస్తూరీ అక్కడుంది: "నా చిట్టితల్లికి, తొలి పుట్టినరోజున."

"1955కే నాకు పంతొమ్మిదేళ్లు," అంది ద్రహోమీర.