ఉత్త నీళ్ల జాడీ

చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి రిటైరైన ఎర్రన్న, ఎడపల్లి శివారులోని తన ఇంట్లో రెండేళ్లుగా కోల్డ్ ఫ్యూజన్ ప్రయోగం, అంటే మామూలు గది వేడిమిలోనే పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే ప్రయత్నం, చేస్తున్నాడు. ఒక గాజు జాడీలో నీళ్లు పోసి, అందులో ముంచిన నికెల్ తీగకు కరెంటు ఇచ్చాడు. పోల్చి చూసుకోవడానికి ఇంకో జాడీలో తీగా కరెంటూ లేకుండా ఉత్త నీళ్లు పోశాడు. తీగ ఉన్న జాడీ, ఇచ్చిన కరెంటుకు మించిన వేడి చూపిస్తూ వచ్చింది.

ఒక చలి రాత్రి అసలు తప్పు దొరికింది. థర్మామీటరు తీగకు మరీ దగ్గరగా ఉంది. దాన్ని దూరం జరిపి నీళ్లు బాగా కలిపేసరికి ఆ మిగులు వేడి కాస్తా మాయమైంది.

"తప్పు దొరికింది రుక్మా!" అన్నాడు సంబరంగా.

బీడీలు చుడుతున్న భార్య నవ్వింది. "ఇగనన్న జర పండుకోండ్రి."

ఎర్రన్న కరెంటు ఆపి, అలవాటు కొద్దీ ఉత్త నీళ్ల జాడీ వైపు చూశాడు. ముప్పై ఏడు డిగ్రీలు! థర్మామీటరు మార్చినా అంతే ఉంది. ఆ నీళ్లు పారబోసి బిందెలోని చన్నీళ్లు పోశాడు. బయట కీచురాళ్లు ఆగిపోయాయి. పాదరసం మెల్లగా ఎక్కి మళ్లీ ముప్పై ఏడు దగ్గరే నిలిచింది.

"గిట్ల రా, ఒకపాలి పట్టి సూడు."

రుక్మాబాయి రెండు చేతులతో జాడీని పట్టుకుంది. "మనిషి ఒళ్లు లెక్కున్నది," అంది. చేతులు మాత్రం తీయలేదు. "సలికి మంచిగున్నది."

ఆమె చేతుల పక్కనే ఎర్రన్న తన చెయ్యీ ఆనించాడు. నిజంగానే హాయిగా ఉంది. అంతలో వేళ్ల కింద గాజు మెల్లగా ఉబ్బి, మెల్లగా తగ్గింది.